తల్లె మీద గంటె సప్పుడు

మా లేడీస్ హాస్టల్ల మగోడు మెట్లెక్కాలంటే తల్లె కొట్టాలె. ఇది నేను పెట్టిన రూలు. దిల్‌సుఖ్‌నగర్ల అప్పటికే సందు సందుకు హాస్టళ్లు, ఏ గేటు చూసినా 'మగవారికి ప్రవేశం లేదు' అని బోర్డు. బోర్డు రాసుడు అల్కటి పనే. కానీ నల్లా ఖరాబైతే ప్లంబర్ రాడా? పైకి నీళ్ల క్యాన్లు మోసేది ఆడోళ్లా? ఫ్యాన్ కాలిపోతే ఎవడెక్కాలె? అందుకని కింద మెట్ల కాడ గోడకు మొల కొట్టి, ఒక పెద్ద స్టీలు తల్లె యాలాడదీసి, దాని పక్కన అన్నం వడ్డిచ్చే గంటె ఒకటి తాడుతోని కట్టి పెట్టిన. మగోడెవడన్న పైకి పోవాలంటే ముందుగాల నేను గంటెతోని టంగ్ టంగ్ మని కొడ్త. పైన నైటీలల్ల తిరిగేటోళ్లు, తలకు పోసుకొని ఎంటికలు ఆరబెట్టుకునేటోళ్లు, అందరు దడదడ ఉరికి తలుపులేసుకుంటరు. ఆఖరి తలుపు పడ్డంక 'ఇగ ఎక్కు' అని నేను జెప్తేనే వాడు ఎక్కాలె. మా ఆయనకు గూడ ఇదే రూలు. లగ్గమైనప్పటి సంది నా మాటకు ఎదురు జెప్పని మనిషి, దీనికి మాత్రం "నా ఇంట్ల నేనే గంట కట్టుకొని తిరుగుతున్ననే, గంగిరెద్దు లెక్క" అని నవ్వేటోడు.

మాది నల్గొండ దిక్కు ఊరు. మా ఆయన బస్సు కండక్టరు. బిల్డింగ్ కిరాయికి తీసుకొని హాస్టల్ నడిపిచ్చేది నేను. కింద ముందు రూం మా ఇద్దరిది, దాని ఎనుక వంటిల్లు, అన్నం తినే హాలు. పైనంత పిల్లలది. అప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండె గావట్టి ఎండకాలమంత మా సందుల మామిడిపండ్ల వాసన, వానలు పడ్డయంటే మురిగిన బత్తాయిల వాసన. హాస్టల్ల పేర్లు నడవయి, ఊర్లే నడుస్తయి. మిర్యాలగూడ పిల్ల ఏది, తెనాలి పిల్ల తిన్నదా, గట్ల. నేను జెప్పబోయేది హుజూర్‌నగర్ పిల్ల సంగతి. పిల్ల అనాల్నా ఇంకేమన్న అనాల్నా అనేదే ఇందుల లొల్లంత. అందుకని అప్పుడు నేను ఎట్ల అనుకున్ననో అట్లనే జెప్పుకుంట పోత.

హుజూర్‌నగర్ పిల్ల గ్రూప్స్ కోచింగ్ కోసం ఒచ్చింది. పొట్టి ఎంటికలు, షర్టు, ప్యాంటు. మొదటి రోజు "ఏందమ్మా, జడ ఏమైంది?" అంటే "టైం తింటదక్కా" అన్నది. నాకు ఆ జవాబు మస్తు నచ్చింది. అద్దం కోసం పొద్దున పొద్దున జుట్లు పట్టుకునేటోళ్లను చూసి చూసి ఉన్న గదా, చదువుకునేది ఒక్కతన్న దొరికింది అనుకున్న. మోటరు నీళ్లు గుంజకపోతే తానే పానా పట్టుకొని కూసునేది. బంద్ రోజుల పాలు దొరకకపోతే యాడయాడనో తిరిగి ప్యాకెట్లు తెచ్చేది. ఒక్కటంటే ఒక్క అలవాటు నాకు కడుపుల మంట పెట్టేది. తల్లె కొడితే అందరు లోపటికి ఉరుకుతరు గదా, ఇది ఉరకది. మెట్ల మీద పుస్తకం ముందటేసుకొని కూసుంటది. నీళ్ల క్యాన్ ఎత్తుకొని మనిషొస్తుంటే కాళ్లు ముడుసుకొని తొవ్వ ఇస్తది.

"నీకు సిగ్గు షరం లేదాయె పిల్లా? తల్లె ఇనవడ్తలేదా?" అని కేకలేసేదాన్ని.

"ఇనవడ్డదక్కా. నాకెందుకు?"

"నీకెందుకేంది, నువ్వు ఆడపిల్లవు కావా?"

అది నా మొకం దిక్కు చూసేది. ఏదో అనబోయేది. మల్ల పుస్తకంల తల పెట్టేది. చదువు పిచ్చి అనుకొని నేను ఇడిసిపెట్టేదాన్ని.

దాని రూంల ఉండేది తెనాలి పిల్ల. బ్యాంకు పరీక్షలకు చదివేది. తెలంగాణ ఉద్యమం పొయ్యి మీద పాల లెక్క పొంగుతున్న రోజులు. టిఫిన్ కాడ ఇద్దరికి మొదలైతే ఆపనీకి నా తరం గాకపోయేది. "మా కొలువులు మాకు గావాలంటే నీకెందుకు కోపం?" అని ఇది. "మేమేమైనా దొంగతనం చేశామా? మేమూ చదివే కదా వచ్చాం!" అని ఆమె. ఇగ ఇద్దరు మొకాలు చూసుకోరు అనుకుంటం. మధ్యాహ్నం పోయి చూస్తే ఒకటే తల్లెల పెరుగన్నం కలుపుకొని తింటుంటరు. తెనాలి పిల్ల దాన్ని కంచం అంటది, మేము తల్లె అంటం, గంతే తేడా. బంద్ అంటే చాలు ఆ తెనాలి పిల్ల గజగజ వణికేది, బయట నోరు తెరిస్తే యాస పట్టి ఎవరేమంటరో అని. ఇది ఆమె భుజం మీద చెయ్యేసి కోచింగ్ దాక తోల్కపోయేది. "నా ఎంట ఉంటే ఎవడేమంటడు? నువ్వు నోరు మూసుకొని నడువు" అనేది.

ఇగ సమ్మె ఒచ్చింది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. పరీక్షలు ఎనుకకు జరిగినయ్. మా ఆయన డ్యూటీ ఇడిసి ఇంట్ల కూసున్నడు. కొందరు పిల్లలు దొరికిన ఆటో పట్టుకొని ఊర్లకు పోయిన్రు. హుజూర్‌నగర్ పిల్ల పోలే. ఎందుకు పోలేదో నాకు ఎరుకే. ఇంట్ల పిలగాన్ని చూసి పెట్టిన్రు. పరీక్ష రాసి నౌకరి కొడితేనే ఆ పెండ్లి తప్పుతది. రూం ఇడిసి ఊరికి పోయిందా, పసుపు దంచుడే. "అక్కా, పరీక్ష దాక నాకు ఈ మంచం ఒక్కటి ఉంటే చాలు" అని ఒకనాడు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"నీ మంచం యాడికి పోతదే పిచ్చిదానా" అన్న.

ఆ సమ్మె రోజులల్లనే ఎల్బీనగర్ చౌరస్తాల వంటావార్పు పెట్టిన్రు. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుడు, ఆడనే కూసొని తినుడు. విజయవాడ రోడ్డు మీద ఒక్క బండి కదలది. అన్నం వండనీకి మా హాస్టల్ పెద్ద దేగిస అడిగిన్రు. ఇచ్చిన, కానీ దాని ఎంబడి నేను గూడ పోయిన. పోరాటం పోరాటమే, నా దేగిస నా దేగిసనే. మా ఆయన కండక్టర్ల గుంపుల ఉన్నడు. హుజూర్‌నగర్ పిల్ల షర్టు చేతులు మడిసి, పొయ్యి కాడ మగోళ్లతోని కలిసి గంజి వారుస్తుండె. పొగకు కండ్లు ఎర్రగైనయ్. అయినా నవ్వుతుండె. ఎవడో దాని ఈపు మీద చరిసి "శభాష్ తమ్మీ" అంటే ఇంకింత నవ్వింది. గసొంటి నవ్వు నేను మా హాస్టల్ల ఎన్నడు చూడలే.

పప్పుచారు మరిగేయాళ్లకు పోలీసులొచ్చిన్రు. కొట్టలే, తిట్టలే. అందరిని లేపి బండ్లల్ల ఎక్కిచ్చుడు షురూ జేసిన్రు. ఆడోళ్లకు ఒక బండి, మగోళ్లకు ఒక బండి. నేను దేగిసను పట్టుకొని గుంజుతుంటే లేడీ కానిస్టేబుల్ నవ్వి "నీ గిన్నె తీస్కొని పక్కకు జరుగమ్మా" అన్నది. జరిగి ఇటు తిరిగిన. తిరిగి చూస్తే ఏమున్నది, ఒక కానిస్టేబుల్ హుజూర్‌నగర్ పిల్ల భుజం పట్టి మగోళ్ల బండి దిక్కు నూకుతున్నడు. గంత మంది మగోళ్ల నడుమ ఆడపిల్లనా? నేను ఊకుంటనా? గొంతు చించుకొని అరిచిన.

"సారూ! ఓ సారూ! ఆగుండ్రి! గా పిల్ల ఆడపిల్ల! ఆడోళ్ల బండి ఎక్కియ్యుండ్రి!"

కానిస్టేబుల్ ఆగిండు. దాని మొకం చూసిండు, నా మొకం చూసిండు. పక్కన నినాదాలిచ్చేటోళ్లు గూడ నోర్లు తెరుసుకొని మా దిక్కే చూస్తున్నరు.

"ఏందీ? ఆడపిల్లవా?" అన్నడు.

అది నా దిక్కు తిరిగింది. నా కండ్లల్లకు సూటిగ చూసింది. మల్ల ఆయన దిక్కు తిరిగి, అందరికి ఇనవడేటట్టు "కాదు సార్. ఆమె మా అక్క, పరేషాన్ల ఉన్నది. నేను మగోన్నే" అన్నది. అని బాజాప్తా, దర్జాగ మగోళ్ల బండెక్కి కూసున్నది.

ఓ యవ్వ! చెయ్యి దేగిస మీద ఉన్నది, అది కాలుతున్నదని గూడ సోయి లేదు. రెండేండ్ల సంది నా చేతి బువ్వ తిన్న పిల్ల నడి రోడ్డు మీద నా ముందట నిలవడి నేను మగోన్నే అంటదా? పోలీసుకు భయపడి అన్నది అనుకుందామంటే, ఆడోళ్ల బండి అయితే ఇంక నయం గదా. కావాలని అబద్ధమాడింది అనుకుందామంటే, అబద్ధమాడేటోళ్ల మొకాలు నాకు ఎరుకే, హాస్టల్ నడుపుతున్న గదా. ఆ మొకంల అబద్ధం లేదు. నన్ను ఆగమాగం జేసింది అదే.

సాయంత్రానికి అందరిని ఒదిలిపెట్టిన్రు. మా ఆయన, అది, ఇద్దరు నడుసుకుంట ఒచ్చిన్రు. అది నా మొకం చూడక పైకి పోయింది. నేను మా ఆయనను రెక్క పట్టి వంటింట్లకు గుంజుకపోయిన.

"ఏమయ్యా, నువ్వు గూడ అదే బండిల ఉన్నవు గదా! ఏం జేసినవు?"

"ఏం జేస్త? జర జరిగి నా పక్కన కూసోబెట్టుకున్న."

"మరి స్టేషన్ల?"

"ఇతనెవరు అని అడిగిన్రు. మా బామ్మర్ది అన్న."

"ఏందీ? బామ్మర్దా?"

"నిన్ను అక్క అంటడు గదనే. నీ తమ్ముడు నాకు బామ్మర్ది కాడా?" అని చెంబెత్తి గటగట నీళ్లు తాగిండు.

నిన్న మొన్నటి దాక అదే పిల్లను 'ఏం మర్దలా, టికెట్ తీసినవా' అని ఎక్కిరిచ్చిన మనిషేనా ఈయన? "బండిల ఏమన్నది నీతోని?" అని అడిగిన.

"ఏమనలే. 'బావా, ఇట్ల అందరి నడుమ కూసునుడు నాకు ఇదే ఫస్టు సారి' అన్నడు. కండ్లల్ల నీళ్లున్నయ్. నేను ఇంకేం అడగలే."

తెల్లారేసరికి సంగతి హాస్టలంత పాకింది. నేనే అందరిని హాల్లకు పిలిచిన. నాకు దాసిపెట్టుడు, గుసగుసలు చాతగావు. ఏదున్నా నలుగుట్ల తేలాలె. మిర్యాలగూడ పిల్ల ముందుగాల లేచింది. ఉద్యమంల హుజూర్‌నగర్ పిల్ల యాడుంటే ఈమె ఆడ, ప్రతి ర్యాలీకి ఇద్దరు కలిసి పోయిన్రు. ఆమెనే ఎనకేసుకొస్తది అనుకున్న.

"నాకు కోపం లేదక్కా. కానీ మగోళ్లు లేరు అనే ధైర్యంతోనే గదా మేము ఈడ తువ్వాల చుట్టుకొని తిరిగినం. ఇప్పుడు తాను మగోన్ని అంటే, ఆ రోజులన్నిటిని నేను ఏమనుకోవాలె? మగోడైతే ముందుగాల జెప్పాలె. ఆడదైతే రోడ్డు మీద ఆ మాట అనొద్దు. రెండిట్ల ఏదో ఒకటి" అని ఎక్కెక్కి ఏడ్చింది. ఆ పిల్ల మాటల నాకు తప్పేం కనవడలే.

తెనాలి పిల్ల రయ్యిన లేచింది. "ఏం మాట్లాడుతున్నావ్? దానికీ మనలాంటి ఒళ్లే కదా! నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే వేడినీళ్లు కాచి ఇచ్చింది నేను. అది మగాడెలా అవుతుంది? చదువు ఒత్తిడి, పెళ్లి భయం, అంతే ఆంటీ. అనుకున్నంత మాత్రాన ఒళ్లు మారిపోతుందా? అది ఆడపిల్లే. దాని వల్ల ఎవరికీ ఏ భయమూ లేదు, ఉండనివ్వండి!"

ఆ మాటల గూడ నాకు తప్పు కనవడలే. కానీ హుజూర్‌నగర్ పిల్లను చూసి ఇచ్చంత్రపోయిన. పొమ్మన్నట్టున్న మిర్యాలగూడ పిల్ల మాటలకు తలెత్తి కూసున్నది. ఉండనియ్యమన్న తెనాలి పిల్ల మాటలకు సిగ్గుతోని సచ్చిపోయినట్టు తల దించుకున్నది. ఇదేం ఇడ్డూరం రా దేవుడా అనుకున్న.

"నువ్వు జెప్పు" అన్న.

"నా ఒళ్లు ఎసొంటిదో నాకు ఎరుక లేదా అక్కా? దాన్ని నేను కాదంటలే. స్నానానికి పోతే లైటు బంద్ జేసుకుంట. కానీ సోయి ఒచ్చినప్పటి సంది నేను ఆడపిల్లను అని ఒక్కనాడు అనుకోలే. ఎంత ప్రయత్నం జేసినా అనుకోరాలే. వీళ్లు బట్టలు మార్చుకుంటుంటే మెట్ల మీదికి ఒచ్చేటోన్ని. తల్లె కొడితే అందుకే లోపటికి ఉరకకపోయేటోన్ని. ఉరికితే అబద్ధం ఆడినట్టు అయితదని."

నాకు మతి పోయింది. చలికాలం పొద్దుగాల ఆ బండ మెట్ల మీద ముడుసుకొని చదివింది చదువు పిచ్చితోని కాదా? నా కండ్ల ముందట రెండేండ్లు కూసుంటే నాకు తెల్వకపాయెనా? నాకు తెల్సిన ఒక్కటే తొవ్వ పట్టిన.

"ఇగో, నాకు గివన్ని సమజ్ గావు. ఒక్క మాట జెప్పు. నేను ఆడపిల్లనే, నిన్న ఏదో నోరు జారిన అని. గంతే. ఎవరేమన్నా నేను చూసుకుంట. పరీక్ష దాక మంచం నీదే."

తెనాలి పిల్ల రెండు చేతులు జోడిచ్చి "చెప్పవే, చెప్పెయ్, నీ కాళ్లు పట్టుకుంటా" అంటున్నది.

"ఆ మాట జెప్తే మంచం ఉంటదక్కా, నాకు ఎరుకే. కానీ నేను జెప్ప. గేటుకు బోర్డు ఉన్నది గదా, అది కరెక్టే. నేను పోత" అన్నది.

అప్పుడే దాని ఫోన్ మోగింది. తల్లి. పోలీసు బండి ఎక్కిన సంగతి ఎవరో ఊర్లె చేరేసిన్రు. రేపు నాయిన ట్రాలీ ఆటో ఏసుకొని ఒస్తుండు, సామాను సదురుకో, పిలగానోళ్లకు మాటిచ్చినం అని ఆమె అరుసుడు మా అందరికి ఇనవడుతుండె. మగోళ్ల హాస్టల్ల అడగరాదా అని ఒక పిల్ల అన్నది. చంపాపేట్ల ఎప్పుడో అడిగిందట. ఐడీ కార్డుల ఆడ అని చూసి, నవ్వి, గేటు బయటికి పంపిచ్చిన్రట. అంటే ఇగ ఊరికి పోవుడే, పెండ్లి పీటల మీద కూసునుడే.

మా ఆయన పిల్లలున్నప్పుడు హాల్లకు రాడు. ఆనాడు దర్వాజ కాడ నిలవడి "ముందు రూంల పండుకోమను. నా మంచం పక్కన ఇంకో మంచం పడ్తది" అన్నడు.

నా కడుపుల నుంచి తన్నుకొచ్చింది మాట. "నీకు పిచ్చా? ఆడపిల్లను తెచ్చి నీ పక్కన పండుకోబెడ్తనా?"

అన్నంక నా మాట నాకే ఇనవడ్డది. పైన ఉండొద్దు, మగోడు గావట్టి. కింద ఉండొద్దు, ఆడపిల్ల గావట్టి. రెండు మాటలు నా నోట్లెకెల్లే ఒచ్చినయ్, ఒక గడియ తేడా లేదు. మరి ఉండుడు యాడ, మెట్ల మీదనా? పిల్లలంత నన్నే చూస్తున్నరు. మిర్యాలగూడ పిల్ల ఏడుపాపి చూస్తున్నది.

"అందరు కలిసి నన్ను పిచ్చిదాన్ని జేస్తున్నరు!" అని అరిచిన. అరిచి, ముందు రూంలకు పోయి, నా పరుపు చుట్టి వంటింట్ల పడేసిన. "నేను ఈడ పండుకుంట. నా జాగ ఖాళీ. ఇగ ఏమన్న జేసుకోండ్రి" అన్న. మా ఆయన నవ్వలే. ఫోన్ తీసుకొని ఆ పిల్ల నాయినకు కలిపి "అన్నా, మీ బిడ్డ నా కాడ ఉన్నది. పరీక్ష రాసేదాక యాడికి రాదు. నేను జిమ్మేదారు" అని పెట్టేసిండు.

పిల్లలందరు పైకి పోయిన్రు. హుజూర్‌నగర్ పిల్ల ట్రంకు పెట్టె, పుస్తకాలు పైననే ఉన్నయ్. తెచ్చుకోనీకి మెట్ల కాడికి పోయింది. ఎక్కుతదనుకున్న. ఎక్కలే. గోడ మీది తల్లెను చూసింది. తాడుకున్న గంటె చేతిలకు తీసుకున్నది. అడిగినట్టు నా దిక్కు చూసింది. నేను కొట్టమనలే, ఒద్దనలే. టంగ్, టంగ్, టంగ్.

పైన ఏ సప్పుడు లేదు. ఎవ్వరు ఉరకలే. జర సేపైనంక ఒక తలుపు పడ్డది. కిర్రుమనే ఆ తలుపు మిర్యాలగూడ పిల్లది. ఆ ఎనుక ఇంకోటి పడ్డది, ఇంకోటి. నా కండ్లల్ల గిర్రున నీళ్లు తిరిగినయ్. అక్కా చెల్లె అనుకుంట ఒక్కకాడ తిన్నోళ్లు మొకం మీద తలుపులేసుకుంటుంటే ఎట్ల ఓర్సుకుంటరు ఎవరన్న? ఓదార్సుదామని దగ్గెరికి పోయి మొకం చూసి బిత్తరపోయిన. ఎల్బీనగర్ చౌరస్తాల పొయ్యి కాడ చూసిన నవ్వు ఆ మొకంల. తలుపు తలుపుకు ఆ నవ్వు పెరుగుతున్నది.

ఒక్క తలుపు పడలే. తెనాలి పిల్ల మెట్ల పైన ఒచ్చి నిలవడ్డది. ముక్కు ఎర్రగ ఉబ్బింది.

"నీకు నేనెందుకు తలుపెయ్యాలి? నేను వెయ్యను. ఎప్పటిలా పైకి వచ్చెయ్" అన్నది.

"ఏస్కోవే" అన్నడు హుజూర్‌నగర్ పిలగాడు. "జర నా కోసం."

"మరి పెరుగన్నం?"

"కింద హాల్ల తిందాం. ఒకటే కంచంల."

ఆమె చున్నీతోని మొకం తుడుసుకున్నది. లోపటికి పోయింది. తలుపు మెల్లగ పడ్డది. పిలగాడు నా దిక్కు తిరిగి నిలవడ్డడు, నేను జెప్పేదాక కదలకుండ, ప్లంబర్ నిలవడ్డట్టు.

"ఇగ ఎక్కు తమ్మీ" అన్న.